68 ఏళ్ల అమ్మని కెన్యాలో అనాథాశ్రమంలో ఉంటున్న కూతురి దగ్గరికి ఒంటరిగా పంపొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారికి 68, షుగరు బీపీ రెండూ ఉన్నాయి, మోకాళ్ల నొప్పులు, ఇంతవరకు విమానం ఎక్కలేదు, తెలుగు తప్ప ఇంకో భాష రాదు. మీ అక్కా బావగారూ కెన్యాలో కిసుము దగ్గర ఒక అనాథాశ్రమంలో పనిచేస్తూ అక్కడే ఉంటున్నారు, పిల్లలిద్దరూ అక్కడే పెరుగుతున్నారు. అమ్మేమో ఓపిక ఉండగానే ఒక్కసారి చూసొస్తానంటున్నారు, మీకు సెలవు దొరకదు, ఒక్కదాన్నే పంపొచ్చా అని.

పంపొచ్చండి. కాకపోతే టికెట్ కంటే ముందు డాక్టరు. ఇక్కడ కింద కామెంట్లలో అందరూ విమానం గురించీ భాష గురించీ భయపెట్టేస్తున్నారు గానీ అవి రెండూ ఎలాగోలా సర్దుకుపోయేవే. సర్దుకోనిది ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్, అంటే దోమకాటుతో వచ్చే ఆ జ్వరం రాకుండా వేసే టీకా. 68 ఏళ్ల మనిషికి అది వేయొచ్చో లేదో తేలాకే మిగతా మాటలన్నీ.

నేను గుంటూరులో ట్రావెల్ ఆఫీసు నడపబట్టి 21 ఏళ్లు. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది అమెరికాకి, కూతురి పురుడుకో మనవడి పుట్టినరోజుకో వెళ్లేవాళ్లే. ఆఫ్రికా కేసులు తక్కువ, ఏడాదికి ఇద్దరో ముగ్గురో, ఎక్కువగా చర్చి తరఫునో ట్రస్టు తరఫునో పిల్లలు అక్కడ పనిచేస్తున్నవాళ్లు. దానికి తోడు మా మేనత్త 2023లో అచ్చం మీ అమ్మగారిలాగే కిసుము వెళ్లి రెండున్నర నెలలు ఉండొచ్చింది. వాళ్లమ్మాయి, అంటే మా వదిన, అన్నయ్యా అక్కడ ఒక ఆశ్రమంలో ఉంటారు, నలభై మంది పిల్లలు. ఆ ప్రయాణం మొత్తం నా నెత్తి మీదే నడిచింది కాబట్టి ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డామో బాగా గుర్తుంది.

ముందు ఇంజెక్షన్ సంగతి. చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లని కెన్యా ఆ సర్టిఫికెట్ అడగదు కదా, ఇంకెందుకు అనుకుంటారు. అడిగేది మన వాళ్లు, తిరిగొచ్చేటప్పుడు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల లిస్టులో కెన్యా ఉంది, అక్కడినుంచి బయల్దేరిన 6 రోజుల్లోపు సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇక్కడ చెకిన్ కౌంటర్లో కూడా వెళ్లేటప్పుడే అడిగేవాళ్లున్నారు. అయినా ఇది కాగితం కోసమే కాదండి, నైరోబీ మొంబాసా వరకే అయితే రిస్కు తక్కువ గానీ కిసుము ఉండేది పడమటి వైపు, అక్కడికి వెళ్లేవాళ్లకి వేయించుకోమనే చెప్తారు.

ఇబ్బందేంటంటే ఇది బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసే టీకా. 60 దాటినవాళ్లకి మొదటిసారి వేసినప్పుడు తీవ్రమైన రియాక్షన్ రావడం అరుదే, కానీ చిన్నవాళ్లతో పోలిస్తే ఎక్కువ. గుడ్డు ఎలర్జీ బాగా ఉన్నవాళ్లకి, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్లకి, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకి వేయరు. మీరు మోకాళ్ల నొప్పులు అన్నారు, అవి వట్టి అరుగుదల నొప్పులా లేక కీళ్లవాతమా, దానికి స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ లాంటివేమన్నా వాడుతున్నారా చూడండి. మందుల చీటీ మొత్తం డాక్టర్ ముందు పెట్టండి. "మామూలు నొప్పులేనండి" అని పైపైన చెప్పొద్దు, మన అమ్మలందరూ డాక్టర్ ముందు అదే చెప్తారు.

డాక్టర్ సరేనంటే, ఇది వీధి చివర క్లినిక్‌లో వేసేది కాదు, గుర్తింపు ఉన్న సెంటర్లలోనే వేస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది, అక్కడ వేస్తారు. ముందే కనుక్కుని వెళ్లండి, రోజూ వేస్తారనుకోవద్దు. వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. పసుపు కార్డు ఇస్తారు, దాని మీద పాస్‌పోర్ట్ నంబరు అక్కడే నిలబడి అంకె అంకె చూస్కోండి. మా కస్టమర్ ఒకాయనకి ఒక అంకె తప్పు పడితే మళ్లీ హైదరాబాద్ వెళ్లి దిద్దించుకోవాల్సొచ్చింది.

డాక్టర్ వద్దంటే? వేయకూడదని మెడికల్ లెటర్ ఇస్తారు, కానీ ఆ లెటర్ చూపించినంత మాత్రాన మన ఎయిర్‌పోర్టులో వదిలేస్తారని నేను హామీ ఇవ్వను. రెండేళ్ల క్రితం 74 ఏళ్ల ఒక పెద్దావిడ విషయంలో ఇదే జరిగితే నేనే చెప్పా, అమ్మా మీరు వెళ్లొద్దు, వాళ్లనే రమ్మనండి అని. నా కమీషన్ పోయింది. వాళ్లబ్బాయి కుటుంబం డిసెంబర్‌లో ఇక్కడికే వచ్చారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే మలేరియా మాత్రల సంగతి కూడా అడగండి. నైరోబీ ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ మలేరియా తక్కువ, కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, అక్కడ బాగా ఎక్కువ. ఏ మాత్ర అనేది షుగరు బీపీ మందులు చూసి డాక్టరే చెప్పాలి. అక్కడినుంచి వచ్చేశాక కూడా కొన్నాళ్లు మింగాలి, ఇంటికొచ్చేశాం కదా అని ఆపేస్తారు చూడండి, అది తప్పు.

ఇప్పుడు టికెట్. వీసా పెద్ద పనేం కాదు, 2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి ఈటీఏ అని ముందస్తు ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో ఇస్తోంది, ఫీజు 30 డాలర్ల పైచిలుకు. అచ్చం ప్రభుత్వ సైట్ లాగే కనిపించే దొంగ సైట్లు ఉన్నాయి, రెండింతలు మూడింతలు గుంజుతాయి, అడ్రస్ చివర గో డాట్ కేఈ ఉందో లేదో చూడండి. ఎందుకు వెళ్తున్నారు అన్నచోట కుటుంబాన్ని చూడ్డానికి అని రాయండి. కొంతమంది ఉత్సాహంగా "ఆశ్రమంలో సేవ చేయడానికి" అని రాస్తారు, అలా రాస్తే వాలంటీరు పని కిందకొస్తుంది, దానికి పర్మిట్ వేరే. అమ్మగారు వెళ్లేది మనవల కోసమే కదా, ఉన్నదే రాయండి. అక్క రాసిన ఆహ్వానం ఉత్తరం, అక్క పర్మిట్ కాపీ, రిటర్న్ టికెట్, ఇవన్నీ ఫోన్లో కాదు, కాగితం మీద ప్రింట్ తీసి ఒక ఫైల్లో పెట్టండి.

రూట్ విషయంలో నా మాట వింటే ముంబై నుంచి నైరోబీ డైరెక్ట్ ఉంటుంది, ఆరు గంటల చిల్లర, అదే మేలు. ముంబై దాకా మీరో మీ వాళ్లెవరో వెళ్లి ఎక్కించి రావొచ్చు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా అయితే కొంచెం చవకగా దొరకొచ్చు, ఇంట్లోంచి బయల్దేరడం తేలిక, కానీ మధ్యలో దిగి మారే ఆ నాలుగైదు గంటలే గండం. మా అత్తని నేను అలాగే పంపా, ఆరువేలు మిగుల్తాయని. ఇప్పటికీ అదే బాధ.

వీల్‌చైర్ బుక్ చేశాం, అంతా బాగానే ఉంది. మధ్యలో మారే ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అబ్బాయి ఒక మూల కుర్చీల దగ్గర కూర్చోబెట్టి చేత్తో ఆగమని సైగ చేసి వెళ్లిపోయాడు. అత్త దానికి అర్థం ఏమనుకుందంటే లేవకూడదని. మూడున్నర గంటలు. బాత్రూమ్‌కి వెళ్లాలి, ఎవర్నడగాలో తెలీదు, లేచి వెళ్తే ఆ అబ్బాయి వచ్చి లేదనుకుని వెళ్లిపోతాడేమోనని భయం, అందుకని నీళ్లు కూడా తాగలేదు, షుగరు మనిషి. పక్కన కూర్చున్న మలయాళీ నర్సమ్మ ఒకావిడ మొహం చూసి పసిగట్టి చిటికెన వేలు చూపించి అడిగిందట, అత్త తలూపింది, ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తీసుకొచ్చింది. ఈ మాట నాకు అత్త చెప్పలేదు, వచ్చాక ఆర్నెల్లకి వదిన చెప్పింది.

అప్పట్నుంచి మా ఆఫీసులో పెద్దవాళ్లందరికీ ఒక అట్ట ఇస్తున్నా. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు, పెద్ద అక్షరాలు. "నాకు బాత్రూమ్‌కి వెళ్లాలి", "నాకు షుగరు ఉంది, తినడానికి కావాలి", "నా ఫ్లైట్ ఏ గేటు", "ఈ నంబరుకి ఫోన్ చేయండి", "నేను మాంసం తినను", ఇలా ఏడెనిమిది వాక్యాలు. వేలు పెట్టి చూపిస్తే చాలు. దాన్ని లామినేషన్ చేయించి పాస్‌పోర్ట్ సంచిలో పెట్టి మెళ్లో వేయండి. ఇంట్లో రెండు మూడు సార్లు ఆట లాగా ప్రాక్టీస్ చేయించండి, సిగ్గు పోతుంది. అడగడం నామోషీ అనుకునే తరం వాళ్లది.

వీల్‌చైర్ ఎయిర్‌లైన్స్ వాళ్లు ఉచితంగానే ఇస్తారు గానీ అందులో మూడు రకాలున్నాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా మోసుకెళ్లాలి. ఏమీ చెప్పకపోతే మొదటిది పెట్టేస్తారు. మీ అమ్మగారి మోకాళ్లకి రెండోది పెట్టించండి, లేకపోతే విమానం దూరంగా ఆపి మెట్లు పెట్టినప్పుడు ఎక్కమంటారు. భోజనం కూడా టికెట్‌తో పాటే చెప్పాలి, షుగర్ భోజనం అని పెట్టిస్తే అందులో కోడి ముక్క రావొచ్చు, శాకాహారి అయితే ఏవీఎంఎల్ అనేది పెట్టించండి, అది మన శాకాహార భోజనం.

ఇన్సులిన్ వాడుతుంటే చేతి బ్యాగులోనే ఉండాలి, పెద్ద లగేజీలో వేస్తే కింద చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్ లెటర్ ఒకటి దగ్గరుంచుకోవాలి. అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక, ఆ ఒక్క రోజు డోసు ఎప్పుడో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. ఇంకోటి, గల్ఫ్ మీదుగా వెళ్తుంటే నొప్పుల మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందులో కోడీన్ ఉన్నాయేమో చూడండి, దుబాయ్ వైపు వాటికి కఠినమైన రూల్స్.

సర్దడం దగ్గర మన ఆడవాళ్ల గురించి ఒక మాట. గసగసాలు వద్దు. మసాలాలోకని ఒక పొట్లం కట్టి పెట్టేస్తారు, యూఏఈలో అవి నిషేధం, జైలు దాకా వెళ్లే వ్యవహారం. ఎండుకొబ్బరి చిప్పలు కూడా మన ఎయిర్‌పోర్టులోనే తీసేయిస్తారు. ఇక కెన్యాలో 2017 ఆగస్టు నుంచి పాలిథిన్ క్యారీ బ్యాగులు నిషేధం, జరిమానాలు మామూలుగా ఉండవు. మన వాళ్లు పచ్చడి సీసాని ఒక కవర్లో, ఆ కవర్ని ఇంకో కవర్లో, చెప్పుల్ని వేరే కవర్లో పెడతారు కదా, ఆ కవర్లన్నీ పెట్టె తెరిస్తే పైనే కనిపిస్తాయి. గుడ్డ సంచులు కుట్టించండి. మా అత్త పాత లంగా చింపి పన్నెండు సంచులు కుట్టింది, అక్కడ ఆశ్రమంలో ఆ సంచులకి ఉన్న గిరాకీ ఆవకాయకి కూడా లేదు.

దిగాక అక్కా బావా ఇద్దర్లో ఒకళ్లు నైరోబీ రావాల్సిందే, కిసుము ఫ్లైట్ కూడా ఆవిడ్నే మారమనొద్దు. ఆ రాత్రి నైరోబీలో పడుకోబెట్టి పొద్దున్నే తీసుకెళ్లమనండి. విమానంలో గంట లోపే, రోడ్డు మీద 350 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు పడుతుంది. మోకాళ్ల కోసం విమానమే మంచిది. రోడ్డు మీద వెళ్తే మాత్రం పగలే వెళ్లాలి. మా అత్త రోడ్డు మీదే వెళ్లింది, కెరిచో టీ తోటలు చూసి పెద్దగా ఏమనలేదు గానీ కిసుము ఇంకా పాతిక కిలోమీటర్లు ఉందనగా అహేరో అనే ఊరి దగ్గర వరి మళ్లు కనపడగానే కారు ఆపమంది. దిగి గట్టు మీద నిలబడి, కంకి చేతిలోకి తీసుకుని గింజ నలిపి చూసి, "పాలు పోసుకుంటోంది, ఇంకో ఇరవై రోజులు" అందట. అక్కడినుంచి భయం పోయిందని వదిన చెప్పింది.

తిండికి ఇబ్బంది ఉండదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంకటి, రాయలసీమ వాళ్లకైతే చెప్పక్కర్లేదు. సుకుమా వికీ అని ఆకుకూర వేపుడు, ఎన్‌డెంగు అంటే మన పెసలే. చపాతీ అక్కడ ఇంటి వంట అయిపోయింది, 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి కిసుము వరకు రైల్వే లైను వేసింది మన దేశం నుంచి తీసుకెళ్లిన ముప్ఫై వేల పైచిలుకు కూలీలే కదా, ఆ కాలంనాటి గుజరాతీల కొట్లు కిసుములో ఇప్పటికీ ఉన్నాయి, కందిపప్పు దొరుకుతుంది. నీళ్లు కాచినవే తాగాలి. సరస్సు చూడగానే కాళ్లు తడుపుకుని నెత్తిన చల్లుకోవాలనిపిస్తుంది ఆవిడకి, వద్దని ముందే చెప్పండి, ఆ ఒడ్డు నీళ్లలో బిల్హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు చర్మంలోంచి లోపలికి పోతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, దీని గురించి మీరు అడగలేదు. ఆవిడ వెళ్తున్నది కూతురి ఇంటికి కాదు, ఆశ్రమం నిండా పిల్లలున్న ఇంటికి.

మా అత్త మనవలిద్దరి కోసం మూడు కిలోల అరిసెలు, బట్టలు, మనవరాలికి గాజులు పట్టుకెళ్లింది. వెళ్లిన సాయంత్రమే వరండాలో కూర్చుని పెట్టె తెరిచింది. ఐదు నిమిషాల్లో చుట్టూ పిల్లలు, ఎవరూ అడగరు, చెయ్యి చాచరు, చూస్తూ నిలబడ్డారంతే. అత్తకి చేతులు ఆడలేదు. అరిసెలు విరిచి విరిచి పంచింది, చివరికి సొంత మనవడికి ముక్క మిగల్లేదు, వాడు అలిగి పడుకున్నాడు. కాబట్టి అందరికీ పంచేవి వేరే, సొంత మనవలవి వేరే సర్దండి. అందరివీ అక్కకో, అక్కడ పిల్లల్ని చూసుకునే మేట్రన్‌కో ఇచ్చేస్తే వాళ్ల పద్ధతిలో పంచుతారు. మనవలవి రాత్రి తలుపేసుకుని గదిలో. ఇందులో తప్పేం లేదు, ఆ మనవలు అమ్మానాన్నల్ని ఏడాది పొడుగునా అంతమందితో పంచుకుంటున్నారు, అమ్మమ్మ ఉన్నన్నాళ్లన్నా వాళ్లది కావాలి.

ఇంకోటి, "అయ్యో తల్లి లేని బిడ్డ" అని పిల్లల ముందు అనొద్దని చెప్పండి. భాష రాకపోయినా ఆ మొహం, ఆ తల నిమరడం వాళ్లకి తెలుస్తుంది. పైగా అందరికీ తల్లిదండ్రులు లేరని కాదు, తల్లో నాయనమ్మో ఉండి పెంచలేక వదిలిన పిల్లలూ ఉంటారు, వాళ్లని మళ్లీ సొంత మనుషుల దగ్గరికి చేర్చాలనేదే ఇప్పుడు కెన్యా ప్రభుత్వ విధానం కూడా. "నిన్ను మా ఊరు తీసుకుపోతా" అని ముద్దుకన్నా అనకూడదు, పిల్లలు నిజమనుకుంటారు. ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు, మా అత్త పంపిన ఫోటో మా గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి పోయింది, ఆశ్రమం వాళ్లు వదినని గట్టిగా అడిగారు, అందరికీ ఫోన్లు చేసి తీసేయించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

మరి ఆవిడ అక్కడ రోజంతా ఏం చేయాలి? అక్కా బావా పనిలో ఉంటారు, మనవలు స్కూల్లో ఉంటారు. మొదటి పది రోజులు మా అత్త రోజూ ఏడ్చింది, టికెట్ ముందుకు మార్చమని నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. మార్చడానికి వీలు పడట్లేదు అత్తా అని అబద్ధం చెప్పా. తర్వాత మేట్రన్‌ని అడిగి ఆదివారాలు పిల్లల తలలకి కొబ్బరినూనె రాయడం మొదలెట్టింది. ఆడపిల్లలకి కూడా స్కూలు కోసం జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు అక్కడ, జడెయ్యడానికి ఏమీ ఉండదు, అయినా వరసలో కూర్చునేవాళ్లట. వాళ్లు న్యాన్యా అని పిలిచేవాళ్లు, స్వాహిలీలో అమ్మమ్మ అని. టొమాటోని కూడా న్యాన్యా అనే అంటారు, ఒకరోజు సంతలో కూరగాయలావిడ న్యాన్యా న్యాన్యా అని అరుస్తుంటే తననే పిలుస్తోందనుకుని అత్త వెనక్కి వెళ్లి పలకరించింది, కిలో కొనుక్కొచ్చింది.

నెలల విషయానికొస్తే మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, వద్దు. అక్కడ స్కూలు సెలవులు ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్‌లలో వస్తాయి. జులై మధ్యలో పంపితే మొదట్లో ఆవిడ కుదురుకుంటారు, ఆగస్టు సెలవుల్లో మనవలు దొరుకుతారు. రెండు నెలలు చాలు, మూడు నెలల రిటర్న్ టికెట్ తీయొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో షుగరు బీపీ ముందే ఉన్నాయని రాసి, వాటికి కవర్ అవుతుందో లేదో చదివి తీసుకోండి, దాచిపెట్టి తీసుకున్న పాలసీ కాగితంతో సమానం.

తిరుగు ప్రయాణంలో పసుపు కార్డు మెళ్లో సంచిలోనే ఉండాలి, పెట్టెలో కాదు. ఇక్కడ దిగాక ఇమిగ్రేషన్ కంటే ముందే హెల్త్ కౌంటర్ వాళ్లు అడుగుతారు, పెట్టెలు ఆ తర్వాత గానీ రావు.

ముందు మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లిరండి. ఇంజెక్షన్ గురించి ఏమన్నారో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి ఏ రూటు, ఏ తారీఖులు అనేది చెప్తా.